మందు పెంచమాక

హౌగాంగ్‌లో మా పక్క ఫ్లాట్ అంకుల్ పోయిన శుక్రవారం నిద్రలోనే వెళ్లిపోయారు. ఆంటీ ఫోన్ చేయలేదు, తెల్లవారుతుండగా నేరుగా వచ్చి మా తలుపు తట్టారు. "మీ అంకుల్ లేవడంలా నాయనా" అన్నారు. ఆ మాట నా చెవుల్లో ఇంకా అలాగే ఉంది.

ఆయన వయసులో ఉన్నప్పుడు ప్రకాశం జిల్లా నుంచి ఈ దేశానికి షిప్‌యార్డు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయారు. లిఫ్టు దగ్గర ఎవరు కనపడినా "మకాన్ అయిందా?" అని పలకరించేవారు. ఆయన తెలుగులో ఆ మలయ్ మాట ఎంతగా కలిసిపోయిందంటే, తిన్నారా అని అడగడానికి అది ప్రకాశం జిల్లా మాటే అనుకుంది మా ఆవిడ కొన్నాళ్లు.

అందుకున్నారంటే ఆపలేని విషయం ఒకటుండేది, నాటు తుపాకి. వేటను ఇంకా నిషేధించని రోజుల్లో, నల్లమల అంచున, వాళ్ల నాన్నకు లైసెన్సున్న తుపాకి ఉండేదట. గొట్టం మూతిలోంచి మందు పోసి, నూనెగుడ్డలో చుట్టిన సీసపు గుండును పొడవాటి కడ్డీతో దట్టించి పేల్చే రకం. రెండోసారి దట్టించేలోపు దుప్పి అక్కడ ఉండదు. దగ్గర్నుంచి కొడితే ఆ మెత్తటి గుండు లోపలికి వెళ్లి బిళ్లలా పరుచుకుంటుందట, దుప్పి ఎంతో దూరం పోదట. దూరం పెరిగేకొద్దీ గుండుకు ఊపు తగ్గిపోతుందట.

"నేనేం జేశానో తెలుసా? దగ్గరికి పోను బద్ధకించి, ఇంకాస్త మందు పోశా. గురి తప్పి తొడకు తగిలింది. కుంటుకుంటా పోయింది దుప్పి. మా నాయన కొట్టలా, తిట్టలా. దాని వెంట నడిపించాడు. పొద్దుగూకే యాళకి దొరికింది. ఇంకా బతికే ఉందబ్బాయ్."

ఎన్నిసార్లు చెప్పినా అక్కడే ఆపేసేవారు. తర్వాతేమైందో నేనెప్పుడూ అడగలేదు.

మా వాడికి పదిహేనేళ్లు. కిందటేడు పరీక్షల్లో దెబ్బతిన్నాక నాతో మాట్లాడటం మానేశాడు. వాడు గదిలో, నేను హాల్లో. జవాబు రాకపోతే గొంతు పెంచేవాణ్ణి. సైన్స్ పార్క్ ఆఫీసులో పక్క సీటుకు కూడా వినపడని నా గొంతు మా అంతస్తంతా వినేది. ఒక సాయంత్రం కారిడార్‌లో మొక్కలకు నీళ్లు పోస్తూ అంకుల్ నన్ను పిలిచారు.

"మందు పెంచమాక అబ్బాయ్. దూరం తగ్గించు."

వంటింట్లోంచి ఆంటీ అందుకున్నారు. "ఏం మందు? డాక్టరు వద్దన్నాడా లేదా?"

నాకు నవ్వొచ్చింది. అంకుల్ మాత్రం నవ్వలేదు. "ఇంత దూరాన్నుంచి ఎంత గట్టిగా కొట్టినా వాడికి గాయమే అవుద్ది. నీ మాట లోపలికి పోదు. పో, పక్కన కూర్చో."

వెళ్లి వాడి మంచం అంచున కూర్చున్నాను. ఏమీ అడగలేదు. అడగకుండా కూర్చోవడం నాకెంత కష్టమో మా ఇంట్లోవాళ్లకు తెలుసు. చాలాసేపయ్యాక వాడే, "నాన్నా, ఐ యామ్ స్కేర్డ్ లా" అన్నాడు, ఇక్కడి పిల్లల యాసలో.

ఆ తర్వాత మార్కులేమీ ఎగబాకలేదు. కానీ మా మధ్య మళ్లీ మాటలు మొదలయ్యాయి. నా కొడుకును నాకు తిరిగి ఇచ్చింది ఆయనే అని ఎవరి ముందైనా చెబుతాను. ఆయనకే చెప్పబోతే, "అది సరేగానీ, మకాన్ అయిందా?" అన్నారు.

మందాయ్‌లో దహనం ముగించుకుని వస్తుంటే బస్సు సగం ఖాళీగా ఉంది. నేను ముందు సీట్లో కూర్చుని ఏడుస్తున్నాను. మా వాడు చివరి వరసలోంచి లేచి, ఊగుతున్న బస్సులో ఖాళీ సీట్లన్నీ దాటుకుంటూ వచ్చి, నా పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.