సుభాషిణి పంపిన వీడియో

మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న పద్మాపూర్ బొగ్గుగని కాలనీలో బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లలో సుభాషిణిని మించినవాళ్లు లేరని అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. తండ్రి చిన్నయ్య మంచిర్యాల దిక్కు నుంచి వచ్చి గనిలో చేరిన మనిషి. వర్క్‌షాపులో ఇనుప చువ్వ వంచి, రింగు చేయించి, కాలనీ గోడకు కొట్టించింది ఆయనే. దాని కింద ఆమెతో పాటు పొద్దంతా ఆడినవాడు హరికృష్ణ. పదిసార్లు వేస్తే ఆమె ఎనిమిది వేసేది. అతను ఐదు వేస్తే గొప్ప.

ఇరవై ఏళ్లు గడిచేసరికి హరికృష్ణ చంద్రపూర్‌లో ఒక కాలేజీ ఆడపిల్లల జట్టుకు కోచ్. సుభాషిణి అదే కాలేజీలో అతని కింద కాంట్రాక్టు అసిస్టెంట్. అతను పటియాలా పోయి కోచింగ్ డిప్లొమా చేసిన ఏడాదే చిన్నయ్య ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము చేరి మంచం పట్టాడు. ఆమె తండ్రి పక్కనే ఉండిపోయింది. పిల్లలు అతన్ని 'సర్' అంటారు, ఆమెను మరాఠీలో అక్కా అన్నట్టు 'తాయి' అంటారు. బంతులకు గాలి కొట్టడం, ప్రాక్టీసును ఫోన్‌లో తీయడం ఆమె పని.

ఐదేళ్లలో జట్టు మూడుసార్లు యూనివర్సిటీ కప్పు గెలిచింది. మరాఠీ పేపర్లలో ఫొటో పడ్డ ప్రతిసారీ సుభాషిణి ముందు తన మొహం వెతుక్కునేది. ఒకసారి మోచెయ్యి మాత్రం వచ్చింది. ఆ పేపరును మడిచి బీరువా కింద పెట్టింది గానీ, లోపల మండుతున్నదాన్ని మడిచి పెట్టడం ఆమె చేత కాలేదు. అతను చెప్పే ప్రతి ఎత్తూ ఆమెకు ముందే తెలుసు. అయినా చప్పట్లు అతనికే.

హరికృష్ణ నోరు మంచిది కాదు. ఓడితే మిట్టమధ్యాహ్నం ఎండలో పరుగెత్తించేవాడు. లావుగా ఉన్న పిల్లను అందరి ముందూ 'బర్రె' అనేవాడు. తల్లిదండ్రులకు తెలుసు, ప్రిన్సిపాల్‌కు తెలుసు. కప్పు అద్దాల అల్మారాలో మెరుస్తున్నంతసేపు ఎవరూ మాట్లాడలేదు. సుభాషిణీ మాట్లాడలేదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం శ్రీజ వరసగా మూడు ఫ్రీత్రోలలో గురి తప్పింది. శ్రీజ, బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడిపే సారక్క బిడ్డ. తొమ్మిదేళ్లప్పుడు ఆ పిల్ల చేతికి మొదట బంతి ఇచ్చింది సుభాషిణే. హరికృష్ణ రెండడుగుల దూరం నుంచి బంతిని ఆ పిల్ల మొహం మీదికి విసిరాడు. ముక్కులోంచి రక్తం కారింది. సుభాషిణి చేతిలో ఫోను రికార్డు చేస్తూనే ఉంది. తర్వాత ఆమే దూది పెట్టి, తల వెనక్కి వంచి, "ఏం కాదు బిడ్డా, లే, ఆడు" అన్నది. శ్రీజ లేచి ఆడింది.

జనవరిలో, శ్రీజ ఆఖరి క్షణంలో వేసిన షాట్‌తో కప్పు మళ్లీ వచ్చింది. సన్మాన సభలో హరికృష్ణ శాలువా కప్పుకుని మైకు అందుకున్నాడు. "ఈ శ్రీజ నా దగ్గరికి వచ్చిననాడు బంతి పట్టుడు కూడా రాదు. ఆ షాట్ నేను నేర్పిన" అన్నాడు. హాలంతా చప్పట్లు. సుభాషిణి పూలదండల పళ్లెం పట్టుకుని స్టేజి పక్కన నిలబడింది. పదేళ్లు ఆ పిల్ల మోచెయ్యి పట్టి సరిచేసింది ఎవరు? అతను ఒక్కసారి తన దిక్కు చూస్తాడేమోనని చూసింది. చూడలేదు.

మర్నాడు పొద్దున టీ తాగుతూ, సెప్టెంబరు నాటి ఆ వీడియోను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

మధ్యాహ్నానికి అది ఊరంతా తిరిగింది. కాలేజీ విచారణ కమిటీ వేసింది. హరికృష్ణ ఆమెను బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర ఆపాడు.

"ఏంది సుభా ఇది? నా మీద గింత కుళ్లు పెట్టుకున్నవా?"

"పిల్ల ముక్కు పగిలింది, హరీ."

"పగిలిననాడు దూది పెట్టింది నువ్వే గదా. లేచి ఆడుమన్నదీ నువ్వే."

ఆమె బంతుల సంచి భుజాన వేసుకుని అతన్ని దాటుకుని పోయింది.

కమిటీకి పెద్ద అయిన లక్ష్మీబాయి మేడం కూడా అక్కడే పట్టుకుంది. "సెప్టెంబరులో తీసినవు. జనవరి దాకా ఎందుకు ఊకున్నవ్?" ఉద్యోగం పోతుందని భయపడ్డానని సుభాషిణి చెప్పింది. అది సగమే నిజం. హరికృష్ణను తీసేశారు. ఆమెకు మెమో ఇచ్చి, జట్టును మాత్రం తాత్కాలికంగా ఆమెకే అప్పగించారు.

శ్రీజ వారం దాకా రాలేదు. వచ్చిననాడు బ్యాగు దించకుండానే అడిగింది.

"తాయి, నా కోసమే పంపినవా?"

అవునంటే సరిపోయేది. ఆ పిల్ల కళ్లు చూస్తే అబద్ధం నోట రాలేదు.

"స్టేజి మీద ఆయన నా పేరు చెప్పుంటే పంపకపోదును" అన్నది సుభాషిణి.

శ్రీజ కూర్చుని బూటు లేసు కట్టుకుంది. "నా మొహం అందరికీ చూపించేముందు నన్ను ఒక్కమాట అడగాల్సింది. మా అమ్మ బండి కాడ ఎవరో ఫోన్ల చూపెడితే ఏడ్చింది" అని లేచి, కోర్టులోకి పోయింది. అంతకుమించి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. పన్నెండుమందిలో ఎనిమిది మంది పిల్లలు సర్‌ను తిరిగి తీసుకొమ్మని అర్జీ రాశారు. అతను 'బర్రె' అన్న పల్లవి కూడా సంతకం పెట్టింది. సుభాషిణి ఆ కాగితంలో ఒక్కో సంతకం మీద వేలు పెట్టి చదివింది. వాళ్లను తిట్టినవాడు, కొట్టినవాడు. అయినా అతనే కావాలట! ఇన్నేళ్లు కాళ్లకు కట్లు కట్టి, వాళ్ల వెంట నీళ్ల సీసాలు మోసిన తన కోసం ఎవరైనా ఇట్లా ఒక్క గీత గీస్తారా?

అర్జీ చెల్లలేదు. హరికృష్ణ యవత్‌మాళ్‌లో వేరే కాలేజీలో చేరాడు.

సుభాషిణి ఎవరినీ తిట్టకుండా, ఎండలో పరుగెత్తించకుండా ఏడాది జట్టును నడిపింది. గడ్చిరోలీలో జరిగిన యూనివర్సిటీ కప్పులో రెండో మ్యాచ్‌లోనే ఓడిపోయారు. తిరుగు బస్సులో పల్లవి ఎవరికో ఫోను చేసి స్పీకర్ పెట్టింది. హరికృష్ణ గొంతు. మ్యాచ్ వీడియో ఎవరో పంపితే చూసినట్టున్నాడు. రెండో క్వార్టర్‌లో ఎడమ దిక్కు ఎందుకు ఖాళీ పెట్టిండ్రని, శ్రీజను రింగుకు అంత దూరంల ఎందుకు నిలబెట్టిండ్రని అడుగుతున్నాడు. ఈసారి తిట్టలేదు, నెమ్మదిగానే చెప్పాడు. పిల్లలందరూ ఆ ఫోను చుట్టూ మూగారు.

శ్రీజ ఒక్కతే లేచి ముందుకు వచ్చి, కిటికీ పక్కన కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

సుభాషిణి వెనక్కి తిరగలేదు. కానీ వింటూనే ఉంది. అతను చెప్పిన ప్రతి మాటా కరెక్టే.