నిన్నటి నీళ్లు

మా ఇంటి ఓనరు కమలమ్మది బెంగళూరు శివారు బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించే పని. పొద్దస్తమానం సిమెంటు నేల మీద నిలబడాలి. కుర్చీ అడిగితే ఇంటికి పంపేస్తారని ఆమె ఎన్నడూ అడగలేదు. 2003లో పని మానేసే నాటికి మోకాళ్లు పూర్తిగా పోయాయి. లేచేటప్పుడు ఆమె తీసే మూలుగు కింది వాటాలో అద్దెకుండే నాకు వినబడేది. ఆ ఫ్యాక్టరీ మీద నాకు ఇప్పటికీ కోపమే.

రోజూ కాసేపు నడుందాకా వేడినీళ్లలో కూర్చోవాలనీ, లేకపోతే మంచం పట్టక తప్పదనీ డాక్టరు చెప్పాడు. ఆమె భర్త నాగప్ప, ఫిట్టరుగా రిటైరైనవాడు, హోసూరు రోడ్డులో టబ్బులమ్మే షాపుకు నన్నూ లాక్కెళ్లాడు. షాపతను బుడగలొచ్చే టబ్బు, రంగు దీపాల టబ్బు చూపిస్తూ పోయాడు. నాగప్ప ప్రతి టబ్బు గోడనూ వేలితో తట్టి ఒకటే అడిగాడు.

"మూతేసి పెడితే తెల్లారేసరికి ఎంత వేడి మిగుల్తాదప్పా?"

చివరికి మందమైన గోడలు, బిగుతు మూత ఉన్న సాదా టబ్బు ఒకటి నచ్చింది. "నీళ్లలో క్రిములు చచ్చే మందేస్తే అవే వారం దాకా వాడుకోవచ్చు సార్. రోజూ కొంచెం కరెంటుతో మళ్లీ వేడెక్కుతాయి," అన్నాడు షాపతను. నాగప్ప మొహం వెలిగింది. నేనూ తలూపాను. మా ఇద్దరికీ అసలు సంగతి తట్టలేదు.

మొదటిరోజు కమలమ్మ టబ్బులో కూర్చుని, మోకాలు మడత పడిందని సంబరపడింది. మర్నాడు గుమ్మంలోనే ఆగిపోయింది.

"నిన్నటి నీళ్లు పారబోయలేదా?"

"ఎందుకు పోయాల? ఇంకా వేడిగానే ఉండాయి. మందు కూడా ఏసినా."

"మందేస్తే మైల పోతాదా? ఒళ్లు కడిగిన నీళ్లలో ఎట్ల దిగేది?"

మనకు స్నానమంటే నెత్తిన పోసుకుంటే జారిపోయే నీళ్లు. ఎంత చెప్పినా ఆమె వినలేదు. ఆ ఎండాకాలం పైకి నీళ్లెక్కేవి కావు. నాగప్ప రోజూ టబ్బు ఖాళీ చేసి, కింది కొళాయి నుంచి బిందెలు మోసి, మళ్లీ కాచేవాడు. కరెంటు ఆదా అవుతుందని కొన్న టబ్బు గీజరును మించి కరెంటు తాగింది. ఆ ఇద్దరి మొండితనం చూసి నాకు విసుగొచ్చింది.

ఒకరోజు బిందె దొర్లిన చప్పుడైతే పరుగెత్తాను. నాగప్ప మెట్ల మీద కూలబడి ఉన్నాడు. మిగిలిన నీళ్లు నేనే నింపాను. కమలమ్మ స్నానం ముగించుకుని బయటికొచ్చి, "ఇదే ఆఖరు. నాకోసం నువ్వు సావొద్దు. మంచాన పడితే పడతా," అంది.

నాగప్ప లేచి స్నానాలగదిలోకి నడిచాడు. టబ్బు ఖాళీ చేయడానికి వెళ్తున్నాడనుకున్నాం. చొక్కా విప్పి, లుంగీతోనే ఆమె దిగిన నీళ్లలో దిగి కూర్చున్నాడు.

"అవి నేను దిగిన నీళ్లయ్యా. మైల," అంది కమలమ్మ, నెత్తి కొట్టుకుని.

"నీ కాళ్లు ఎవురికోసం అరిగిపోయినాయి? మన ఇంటికోసమే కదా. ఆ కాళ్లు తగిలిన నీళ్లు నాకు మైల ఎట్లయితాయి?"

ఆమె గోడకు ఆనుకుని ఏడ్చింది. నేను కిందికొచ్చేశాను.

మర్నాడు పొద్దున కొళాయి దగ్గరికి ఎవరూ రాలేదు. కాసేపటికి పైనుంచి కమలమ్మ గొంతు వినబడింది.

"మూత తియ్యి. చెయ్యి పట్టుకో, దిగతా."