ఏడు మెయిల్ పెట్టెలు, నాలుగు దగ్గులు

ఆ రోజుల్లో అంబాజీపేట కొబ్బరి బజారులో తెలివితక్కువ పనులు చేసినవాళ్ళకి కొదవ లేదు. తడి ఆరని కాయలు అటకెక్కించినవాళ్ళున్నారు, ఒకరి లారీకి ఎక్కించాల్సిన సరుకు ఇంకొకరి లారీకి ఎక్కించినవాళ్ళున్నారు. కానీ ఇరవై ఏళ్ళ స్నేహాన్ని ఏడాది చందా ముందుగా కట్టి మరీ పోగొట్టిన ఘనత మాత్రం నా ఒక్కదానిదే. కొట్ల మధ్య పుట్టి పెరిగిన ఆడపిల్లని కదా, అది కూడా బేరమాడే పోగొట్టాను. ఎదుటివాడు చెప్పిన రేటుకి ఏదీ పోగొట్టుకునే రకం కాదు నేను.

మా నాన్న మస్కట్‌లో పనిచేసేవారు. (ఆయన మాటలు క్యాసెట్‌లో రికార్డై ఊరివాళ్ళ చేతికి వచ్చేవి. మధ్యలో ఆయన టీ తాగిన చప్పుడు కూడా వినపడేది. అమ్మ ఆ చప్పుడు దగ్గరే వెనక్కి తిప్పి మళ్ళీ వినేది.) అమ్మా నేనూ పెదనాన్నగారింట్లో ఉండేవాళ్ళం. ఆయనది కురిడీ వ్యాపారం. ముదురు కాయని ఏడాది దగ్గర దగ్గర అటక మీద ఉంచితే లోపలి నీళ్ళన్నీ ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా దొర్లుతుంది. అదే కురిడీ. ఊపితే గలగలమంటుంది. మా కొట్లో కాయలు లెక్కపెట్టేటప్పుడు "ఒకటి" అనకూడదు. "లాభం, రెండు, మూడు" అనాలి. అలా లాభంతో లెక్కపెట్టిన ఏడాది సరుకంతా పండగల ముందు ఒక్క లారీలో ఇండోర్ వెళ్ళేది, ఒకే ఒక్క సేఠ్‌గారికి. ఆ లారీ కదిలిందంటే మా ఇంట్లో ఏడాది గడిచినట్టే. కదలకపోతే ఏమిటన్నది ఎవరూ ఆలోచించలేదు, ఎందుకంటే ఇరవై ఏళ్ళుగా కదులుతూనే ఉంది.

ఆ సేఠ్‌గారిని పెదనాన్నగారు ఒక్కసారి కూడా చూడలేదు. ట్రంకు కాల్ కోసం పూటంతా పడిగాపులు పడిన రోజుల్లో మొదలైన పరిచయం, ఎస్టీడీ వచ్చాక రోజువారీ వ్యవహారమైంది. పొద్దున్నే కాటాకి దణ్ణం పెట్టుకుని ఫోన్ అందుకునేవారు. పెదనాన్నగారి హిందీ బజారులో ప్రసిద్ధి. "నహీ అండీ సేఠ్‌జీ, కుదర్తా నహీ అండీ!" అనేవారు. అవతల సేఠ్‌గారు దగ్గేవారు. ఆ దగ్గే మాకు మార్కెట్ రిపోర్టు. పొడిగా దగ్గితే ఆయన దగ్గర సరుకు నిండుకుంది, రేటు పెరుగుతుంది. గొంతు సవరించుకున్నట్టు దగ్గితే ఇంక పైసా పెరగదు. నాలుగుసార్లు కుదర్తా నహీ, నాలుగు దగ్గులు, అయిదోసారి "ఆయ్, సరేనండీ". అంతటితో ఆగితే నాకూ అభ్యంతరం ఉండేది కాదు. గడియారం పెట్టి చూశాను. రేటు మాటకి రెండు నిమిషాలు, ఇద్దరి మోకాళ్ళ నొప్పులకి తొమ్మిది నిమిషాలు.

అప్పుడే అమలాపురంలో కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి వచ్చాను. బజారులో గాలి మారుతోంది. టెలిగ్రాములు పోయాయి, ఫ్యాక్స్ వచ్చింది. ఆ కాగితం నెల తిరిగేసరికి తెల్లబడిపోయి, ఎవరు ఎవరికి ఎంత రేటు చెప్పారో దేవుడికే తెలియాలి. తరవాత బిల్లు పుస్తకాల మీద ఫోన్ నంబరు కింద మెయిల్ అడ్రసు అచ్చేయించడం మొదలైంది. అలా అచ్చేయించినవాళ్ళలో సగం మందికి కంప్యూటరే లేదు. మెయిలొస్తే పోస్ట్‌మాన్ తెచ్చిస్తాడని ఒకాయన చివరిదాకా నమ్మారు. ఇలాంటి అదనులో రాజమండ్రి నుంచి టై కట్టుకున్న కుర్రాడొకడు మా కొట్టు మెట్లెక్కాడు.

"బిజినెస్ మెయిలండీ. హైద్రాబాదులో, బొంబాయిలో అందరూ దీన్లోకి వచ్చేసేరండీ. మీ కొట్టు పేరు మీదే అయిదు పెట్టెలొస్తాయండీ" అన్నాడు.

"వంద కాయలకి మేం కొసరేస్తాం. మీ అయిదింటికీ కొసరెంత?" అన్నాను.

"మెయిలుకి కొసరేంటండీ?"

"కొసరు లేని బేరం ఈ బజార్లో శుభం కాదండీ. పక్క కొట్టు వాళ్ళని అడగండి."

గంటన్నర కూచున్నాడు. రెండు కొబ్బరి బోండాలు తాగాడు. చివరికి టై వదులు చేసుకుని, "రెండు తీసుకోండి మేడమ్. మా మేనేజరుకి మాత్రం చెప్పకండే!" అన్నాడు.

అలా ఇద్దరు మనుషులున్న కొట్టుకి ఏడు పెట్టెలొచ్చాయి. పెదనాన్నగారికొకటి, నాకొకటి, కాటాకొకటి, గోడౌనుకొకటి, ఫిర్యాదులకొకటి. (దానికి ఏడాదిలో ఒక్క ఫిర్యాదూ రాలేదు. పెదనాన్నగారు అది నా సమర్థతే అనుకున్నారు.) కొసరు రెండింట్లో ఒకటి మా నాన్నకిచ్చాను, రెండోది ఎవరికివ్వాలో తోచక పెద్దమ్మ పేరు పెట్టి, పక్కన "ఇల్లు" అని రాశాను.

"నాకు ఉత్తరాలెవరు రాస్తారే? మా పుట్టింటివాళ్ళకే పెన్ను దొరకదు" అంది పెద్దమ్మ.

"ఉండనీ పెద్దమ్మా, ఊరికే వచ్చింది కదా."

మోడెం మొదటిసారి కూసినప్పుడు పెదనాన్నగారు అదిరిపడి, "కోడిని కోస్తున్నట్టుందేంటమ్మాయ్" అన్నారు. అయినా నా మాట కాదనలేదు. ఆ రోజే సేఠ్‌గారి కొట్టు బిల్లు మీదున్న మెయిల్ అడ్రసుకి ఇంగ్లీషులో ఒక నోటీసు పంపాను. ఇకమీదట మా వ్యవహారమంతా మెయిల్‌లోనే, ఫోన్లు చేయవద్దు అని. కింద దర్జాగా ఏడు అడ్రసులూ వరసగా పెట్టాను.

పండగలు దగ్గరపడ్డాయి. సేఠ్‌గారి కొట్టు నుంచి రేటు వచ్చింది. పెదనాన్నగారు అలవాటు ప్రకారం, "కుదర్దని రాసెయ్యమ్మా" అన్నారు. రాశాను. రెండే రెండు ముక్కలు, క్షేమసమాచారాలేమీ లేకుండా. బిజినెస్ మెయిల్ అలాగే ఉండాలని కోర్సులో చెప్పారు. ఇక పెరిగిన రేటు రావడమే ఆలస్యం అని ఇద్దరం తెర ముందు కూచున్నాం.

రాలేదు. మర్నాడూ రాలేదు. నాలుగో రోజుకి పెదనాన్నగారు ఫోన్ వైపు చూడడం మొదలెట్టారు.

"ఒక్కసారి మాటాడతానమ్మాయ్. ఆ దగ్గు వింటే తెలిసిపోద్ది."

"వద్దు పెదనాన్నగారూ. ముందు ఫోన్ చేసినవాడిదే అవసరం అని మీరే కదండీ నేర్పారు?"

"నేర్పేన్లే" అన్నారాయన, నేర్పినందుకు చింతిస్తున్నట్టు.

పదో రోజున, కాఫీపొడి తెస్తానని వెళ్ళి, సెంటర్లో ఎస్టీడీ బూత్ నుంచి చేసొచ్చారు. పొడి తేలేదు. "వాళ్ళబ్బాయి మాటాడేడమ్మా. మీరు కుదరదని రాసేరు కదా, మేం కర్ణాటక సరుకు తీసేసుకున్నాం అన్నాడు. సేఠ్‌గారు కొట్టుకి రావట్లేదంట." అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేనూ రెండనేదాన్ని, లెక్క సరిపోయేది. లారీ సరుకు బజారులోనే, కొన్నవాళ్ళు చెప్పిన రేటుకి పోయింది. అటక ఖాళీ అయిన రోజు పెదనాన్నగారు ఒక కురిడీ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపి, మళ్ళీ బస్తాలో వేసేశారు.

ఏడాది చందా అయిపోతోందని టై కుర్రాడు మళ్ళీ వచ్చాడు. నేను ఈసారి బేరానికి కూడా లేవలేదు. వాడు కంప్యూటర్ ముందు కూచుని ఏవో నొక్కి, "మేడమ్, పెద్దమ్మగారి పెట్టెలో ఒకటుందండీ. అసలు తెరవనేలేదండీ మీరు" అన్నాడు.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన హిందీ ఉత్తరం. మేం తెర ముందు కాపలా కాసిన ఆ రోజుల్లోనే వచ్చింది. సేఠ్‌గారు చెబితే ఆయన మనవడు రాశాడు. అర్థం ఇదీ: "భాయీసాబ్ గొంతు విని చాలా రోజులైంది. ఎప్పుడూ నాలుగుసార్లు కాదనేవారు, ఈసారి ఒక్కసారే అన్నారు. ఒంట్లో ఎలా ఉందో అని బెంగగా ఉంది. ఫోన్ చేయవద్దన్నారు, చేయలేదు. ఇది ఇంటి మాట కనుక కొట్టుకి కాకుండా ఇంటికి రాయిస్తున్నాను. రేటు మీరెంతంటే అంత. వారం రోజులు ఆగమని మా అబ్బాయికి చెప్పాను." కింద ఆయనింటి ఫోన్ నంబరు.

పెదనాన్నగారు రెండుసార్లు చదివించుకున్నారు. పెద్దమ్మ వచ్చి, తన పేరు మీద వచ్చిన ఉత్తరం కనుక కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చూసి వెళ్ళింది. తరవాత ఆయన ఫోన్ దగ్గరికెళ్ళి, నా వైపు చూసి, "ఇది ఇంటి మాటేనమ్మా, అవసరం మనదే అయినా పర్లేదు" అన్నారు.

అవతల ఎత్తారు. పెదనాన్నగారు "సేఠ్‌జీ..." అన్నారు. రిసీవర్ లోంచి నాకు కూడా వినపడింది, దగ్గు. పొడి దగ్గూ కాదు, గొంతు సవరించుకునేదీ కాదు. మా రిపోర్టులో లేని మూడో రకం. "రేట్ నహీ అండీ," అన్నారు పెదనాన్నగారు, "ఊరికే చేసేనండీ!" ఆ రోజు మోకాళ్ళకి ఎన్ని నిమిషాలు పట్టిందో నేను గడియారం చూడలేదు.

లారీ మాత్రం మళ్ళీ ఇండోర్ వెళ్ళలేదు. అబ్బాయిగారు మెయిల్ మనిషి, ఒకసారి కుదరదంటే కుదరదనే అర్థం. పెద్దవాళ్ళిద్దరూ కొబ్బరి ఊసు లేకుండా ఇంకో నాలుగేళ్ళు మాటాడుకున్నారు. అందులో కూడా అలవాటు చొప్పున పెదనాన్నగారు "కుదర్తా నహీ అండీ" అంటుండేవారు, సేఠ్‌గారు ఇండోర్ రమ్మన్నప్పుడల్లా. నాలుగుసార్లు అన్నాక అయిదోసారి సరేననేలోపు, అవతల దగ్గే మనిషి లేకుండా పోయారు.

ఇప్పుడు నా ఫోన్‌లో ఎన్ని పెట్టెలున్నాయో, ఎన్ని గుంపుల్లో నా పేరుందో నాకే తెలియదు. మెసేజీలు పంపినవాళ్ళు తెరిచి చూడలేదేమని అడుగుతారు. అన్నిటికంటే ముందు, ఎవరూ ఏమీ రాయని పెట్టెలు తెరిచి చూడడం నాకు అలవాటు. మా పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, గడియారం పట్టుకుని నిలబడ్డ ఆ ఇరవై రెండేళ్ళ పిల్లని తలుచుకుని.

సరే, బిల్లు. మా కొట్టు పద్ధతిలోనే మొదలుపెడతాను. లాభం: పెద్దమ్మ పేరున వచ్చిన ఒక ఉత్తరం. రెండు: ఎస్టీడీలో మిగిలింది. అది చందాకి సరిపోయింది, బోండాలు నష్టం. మూడు: ఒక లారీ సరుకు మీద తగ్గిన రేటు. నాలుగు: ఏడాది పాటు వినని దగ్గులు, వాటికి బజారులో రేటు లేదు. ఇంక కొసరు పెట్టె. అది లేకపోతే ఆయన ఉత్తరం కొట్టు పెట్టెలోకి వచ్చి నా కళ్ళబడేది, కాబట్టి నష్టంలో వెయ్యాలి. అది లేకపోతే ఇంటి మాట కొట్టుకి రాయకూడదని ఆయన అసలు రాసేవారే కాదేమో, కాబట్టి లాభంలో వెయ్యాలి. ఇన్నేళ్ళుగా ఆ ఒక్క అంకె దగ్గరే పెన్ను ఆగిపోతోంది. మొత్తం వెయ్యకుండా వదిలేసిన బిల్లు నా జీవితంలో ఇదొక్కటే.