లామినేషన్ చేసిన రశీదు

రత్నరాజు ఏ కాగితాన్నైనా కిందనుంచి పైకి చదువుతాడు. పైన పెద్ద అక్షరాల్లో ఉండేది మనల్ని మురిపించడానికనీ, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేదే రేపు మన మెడకు చుట్టుకుంటుందనీ అతని సిద్ధాంతం. ఆస్ట్రేలియాలో టూవూంబా యూనివర్సిటీలో చేరినప్పుడు ఇచ్చిన ఫారాలు అలాగే చదివాడు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఏజెంటు అమ్మాయిని గంటసేపు కూర్చోబెట్టి మరీ చదివాడు. హెలెనాతో పెళ్లినాడు చర్చి రిజిస్టరులో సంతకం పెట్టే ముందు కూడా పేజీ అడుగుదాకా వేలు పెట్టి చదివాడనీ, పాస్టరుగారు రెండుసార్లు దగ్గి గుర్తు చేయాల్సి వచ్చిందనీ పాలకొల్లులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ జబ్బు అతనికి ఊరికే పట్టుకోలేదు. అతని చిన్నప్పుడు తండ్రి దాసు మాస్టారు ఒక టేబుల్ ఫ్యాను కొన్నారు. మూడో నెలలో అది మూలపడింది. గ్యారంటీ కార్డు పట్టుకుని కొట్టుకు వెళ్తే, "కార్డు మీద మా స్టాంపు లేదు కదండీ మాస్టారూ" అన్నాడు కొట్టాయన. స్టాంపు వేయాల్సింది ఆయనే, వేయనిదీ ఆయనే. మాస్టారు ఆ వేసవంతా తాటాకు విసనకర్రతో విసురుకుంటూ, "స్టాంపు చూసుకోవాల్రా రాజూ" అని కొడుక్కి పాఠం చెప్పారు. అప్పటినుంచీ ఆ ఇంట్లో స్టాంపు లేని కాగితం లేదు, లామినేషన్ లేని స్టాంపు లేదు. పదో తరగతి సర్టిఫికెట్టు, రేషను కార్డు, బాప్తిస్మపు పత్రం, అన్నీ ప్లాస్టిక్కులో తళతళలాడుతూ ఒకే ఫైల్లో ఉండేవి. ఆ ఫైలే రత్నరాజు వెంట ఆస్ట్రేలియా వచ్చింది.

2013 ఏప్రిల్లో అతను హీటరు కొన్నాడు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో చలేమిటని బ్రిస్బేన్‌లో ఉండే తెలుగువాళ్లు నవ్వుతారు గానీ, టూవూంబా కొండమీద ఊరు. వాళ్లున్నది స్తంభాల మీద నిలబెట్టిన పాత చెక్క ఇల్లు. జూన్ వచ్చి అక్కడి చలికాలం మొదలైందంటే నేల పలకల సందుల్లోంచి గాలి పాదాలు కోసేస్తుంది. హెలెనాకి అప్పుడు ఎనిమిదో నెల. పుట్టబోయే బిడ్డ కోసం ఇద్దరూ దుకాణానికి వెళ్లి, చక్రాల మీద నడిచే ఆయిల్ హీటరు ఒకటి ఎంచుకున్నారు. కౌంటరు దగ్గర తెల్లజుట్టు ఆవిడ ఉంది. మెడలో కెర్రీ అని పేరు వేలాడుతోంది.

రత్నరాజు వారంటీ కార్డు తీసి ఆమె ముందు పెట్టి స్టాంపు అడిగాడు. అలాంటిది తమ దగ్గర లేదనీ, రశీదు దాచుకుంటే చాలనీ కెర్రీ చెప్పింది. రత్నరాజు కదల్లేదు. వెనక నలుగురు నిలబడ్డారు. ఆవిడ ఒక నిట్టూర్పు విడిచి, పెన్ను తీసి, కార్డు మీద 'థాంక్స్, కెర్రీ' అని రాసి పక్కన నవ్వే ముఖం బొమ్మ గీసింది. నవ్వే బొమ్మని ఏ కోర్టు ఒప్పుకుంటుందని అతనికి ఒళ్లు మండింది.

అంతలో ఆవిడ ఫోన్ నంబరు అడిగింది. హెలెనా గడగడా తన నంబరు చెప్పేసింది. కార్లో ఇంటిదాకా ఆమెకు క్లాసు జరిగింది.

"హీటర్ కొంటే ఫోన్ నంబర్ ఎందుకు? థింక్ చెయ్యవా? రేపట్నుంచి ప్రతీవాడూ కాల్ చేసి పాలసీ తీసుకోండి, ప్లాన్ మార్చండి అంటాడు."

"అడిగారు, చెప్పానండీ. దాందేవుంది?"

"నేనైతే ఎప్పుడూ కరెక్ట్ నంబర్ ఇవ్వను, తెల్సా? లాస్ట్‌లో సెవెన్ బదులు వన్ అంటాను."

"తెలుసు. అందుకే మొన్న పిజ్జా చల్లారిపోయాక వచ్చింది" అంది హెలెనా కిటికీలోంచి చూస్తూ.

ఆ సాయంత్రం వారంటీ కాగితాన్ని పెన్సిలు పట్టుకుని కిందనుంచి పైకి చదివాడు. ఎక్స్‌టెన్షన్ తీగతో వాడితే చెల్లదు. వ్యాపారానికి వాడితే చెల్లదు. హీటరు మీద బట్టలు ఆరేస్తే అసలే చెల్లదని ఏడో నిబంధన. ప్రతి దాని పక్కనా టిక్కు పెట్టాడు. అన్నిటికంటే అడుగున మాత్రం అతన్ని కలవరపెట్టే మాట ఒకటుంది. ఈ కాగితం ఏం చెప్పినా చెప్పకపోయినా, చట్టం కొనుగోలుదారుకిచ్చే హక్కుల్ని ఎవరూ తీసేయలేరని దాని సారాంశం. కంపెనీవాడు మనకి మేలు చేసే మాట అచ్చువేస్తాడా? రత్నరాజు దాని పక్కన 'ఎర' అని రాసి చుట్టూ గుండ్రంగా గీశాడు.

రశీదు సంగతి ఇంకా ఘోరంగా ఉంది. ఆ నున్నటి కాగితం మీది అక్షరాలు కొన్నాళ్లకి వెలిసిపోతాయని ఎక్కడో చదివాడు. రశీదు ఉంటేనే వారంటీ అంటారు, ఆ రశీదేమో మాయమైపోయేలా ఇస్తారు! ఎంత పన్నాగమో అనుకుని, మర్నాడే స్టేషనరీ కొట్టుకు పరిగెత్తి లామినేషన్‌కి ఇచ్చాడు. ఆ కాగితం వేడి తగిలితేనే రంగు మారుతుందని అతను చదివిన చోట రాయలేదు. మెషీనులోకి తెల్లగా వెళ్లిన రశీదు అవతలినుంచి పలకంత నల్లగా వచ్చింది. ఒక్క అక్షరం మిగల్లేదు. ప్లాస్టిక్కు మాత్రం బ్రహ్మాండంగా మెరుస్తోంది.

రత్నరాజు ఇంటికొచ్చి, హెలెనా వంటింట్లో ఉండగా, దాన్ని ఫైల్లో బాప్తిస్మపు పత్రం వెనక దూర్చేశాడు. చెబుదామనుకున్నాడు. ఫోన్ నంబరు గురించి అంత ఉపన్యాసం ఇచ్చాక ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

మే నెలాఖర్న పాప పుట్టింది. షీనా అని పేరు పెట్టారు. జూలైలో నాలుగు రోజులు విడవకుండా ముసురు పట్టింది. రత్నరాజు కూరగాయల ప్యాకింగ్ షెడ్డులో పని ముగించుకుని వచ్చేసరికి చేతివేళ్లు కొంకర్లు పోయేవి. గదిలో హీటరు, దానికి కొంచెం దూరంగా చెక్క స్టాండు మీద వరసగా పొత్తిగుడ్డలు, ఉయ్యాల్లో పాప. ఆ గదిలోకి అడుగు పెట్టినప్పుడు మాత్రం అతనికి ఎవరిమీదా అనుమానం ఉండేది కాదు.

ఐదో రోజు ఉదయం హీటరు ఆగిపోయింది. ప్లగ్గు మార్చినా, తట్టినా ఉలకలేదు.

"బిల్లు ఉంది కదండీ. వారంటీలోనే ఉంది. పట్టుకెళ్లి మార్పించేయండి" అంది హెలెనా, పాపని శాలువాలో చుడుతూ.

బిల్లు అనేసరికి అతని కళ్లముందు నల్లపలక కదిలింది. హీటరు చుట్టూ తిరిగాడు. వంగి వాసన చూశాడు. సబ్బు వాసన వచ్చినట్టే అనిపించింది. అనిపించాలని అతనికి అవసరంగా కూడా ఉంది.

"దీని మీద పాప గుడ్డలు ఆరేశావా?"

"స్టాండ్ మీదే వేశాను. చూస్తూనే ఉన్నారుగా."

"నేను వర్క్‌కి వెళ్లాక? ఫోర్ డేస్ నుంచి ఎండ లేదు. ఒక్కసారైనా వెయ్యకుండా ఉంటావా? క్లాజ్ సెవెన్ ప్రకారం వారంటీ పోయినట్టే. పట్టుకెళ్లినా వేస్టే."

హెలెనా పాపని భుజానికెత్తుకుని, "నేను వెయ్యలేదన్నాను. నా మాట కన్నా ఆ కాగితం ఎక్కువైపోయిందా మీకు?" అంది. ఫోన్ తీసి సువర్ణకుమారి ఆంటీకి కాల్ చేసింది. ఆంటీది తుని. ఆసుపత్రిలో నర్సుగా ఇరవయ్యేళ్లు చేసింది. ఊళ్లో తెలుగు స్టూడెంట్లకి జ్వరమొచ్చినా, ఇంటి మీద బెంగొచ్చినా ఆమె కారే వస్తుంది. అరగంటలో వచ్చి తల్లినీ బిడ్డనీ ఎక్కించుకుపోయింది.

మూడు రోజులు రత్నరాజు రెండు స్వెట్టర్లు వేసుకుని ఖాళీ ఉయ్యాల పక్కన అసైన్‌మెంటు రాశాడు. మొదటిరోజు ఆంటీ మీద అనుమానపడ్డాడు. వీళ్లది లూథరన్ చర్చి, ఆమెది బాప్టిస్టు. చికెన్ పులావు పెట్టి వీళ్లని తనవైపు లాగాలని చూస్తోందేమో. రెండోరోజు కెర్రీ మీద పడ్డాడు. ఆ నవ్వే బొమ్మ గీసినప్పుడే ఇలా అవుతుందని ఆమెకి తెలుసేమో. మూడోరోజుకి అనుమానించడానికి ఎవరూ మిగల్లేదు. ఫైలు తీసి నల్లటి రశీదు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మెరిసే ప్లాస్టిక్కులో తన మొహమే కనిపించింది. తన తప్పు కప్పుకోవడానికి బాలింత మీద నేరం మోపానని ఒప్పుకోక తప్పలేదు.

ఆదివారం చర్చి అయ్యాక ఆంటీ ఇంటికి వెళ్లాడు. పెరట్లో తీగమీద పొత్తిగుడ్డలు ఎండకి ఆరుతున్నాయి. హెలెనా అతన్ని చూసి పలకరించలేదు, లోపలికి వెళ్లిపోనూ లేదు. అతను ఫైల్లోంచి ఆ నల్లపలక తీసి ఆంటీ ముందు బల్లమీద పెట్టాడు.

ఆంటీ దాన్ని ఎండ వెలుతురుకి ఎత్తి పట్టింది. "ఇదేం ఎక్స్‌రే రా బాబూ? ఎవరిది?"

"బిల్లు ఆంటీ. ఏప్రిల్లోనే లామినేషన్ చేయించాను. కాలిపోయింది."

ఆంటీకి నవ్వాగలేదు. హెలెనా నవ్వలేదు.

"ఏప్రిల్లోనా?" అంది. "అంటే ఆరోజు సబ్బు వాసన చూసినప్పుడే మీకు తెలుసు. బిల్లు మీరు కాల్చుకుని, నేరం నా బిడ్డ గుడ్డల మీద వేశారు."

"తప్పే. చెప్పలేక అలా అనేశాను" అన్నాడు రత్నరాజు.

ఆంటీ అతని ఫైల్లోంచి వారంటీ కాగితం అందుకుంది. పెన్సిలు గీతలన్నీ దాటుకుంటూ అడుగున ఆగింది. "ఈ 'ఎర' ఏంటి?"

అతను చెప్పాడు. ఆంటీ కళ్లజోడు నుదుటి మీదికి తోసింది. "ఒరే రాజూ, ఈ ఒక్క లైనూ కంపెనీవాడు ప్రేమతో వేసింది కాదు. ఇక్కడి లా ప్రకారం వెయ్యక తప్పదు కాబట్టి వేశాడు. మిగతా లైన్లన్నీ వాడి కోసం, ఇదొక్కటే నీ కోసం. బిల్లే ఉండక్కర్లేదు, వాళ్ల దగ్గర కొన్నట్టు ఏ ప్రూఫ్ ఉన్నా చాలు."

ఇష్టం లేక వేశారని విన్నాక రత్నరాజుకి ఆ వాక్యం మీద మొదటిసారి నమ్మకం కలిగింది. "ప్రూఫ్ ఎక్కడుంది ఆంటీ? క్యాషే కట్టాను."

"నా నంబర్ ఉంది వాళ్ల దగ్గర" అంది హెలెనా, పాపని భుజం మార్చుకుంటూ. "ఇచ్చినందుకు ఇంటిదాకా తిట్టించుకున్నాను. రేపు షాప్‌కి నేనూ వస్తాను. ఇంటికి రావడం సంగతి అడక్కండి, ఇంకా అనుకోలేదు."

సోమవారం రత్నరాజు హీటరు తోసుకుంటూ ముందు నడిచాడు. పాపతో హెలెనా రెండడుగుల వెనక నడిచింది. కౌంటర్లో కెర్రీయే ఉంది. హెలెనా నంబరు చెప్పగానే రెండు మీటలు నొక్కి, ఏప్రిల్ పధ్నాలుగో తారీకు, ఇదిగో అని స్క్రీను తిప్పి చూపించింది. ఆ నల్లపలకని బయటికి తీయాల్సిన అవసరమే రాలేదు.

ఆవిడ ఒక ఫారం తీసి ప్రశ్నలు మొదలుపెట్టింది. తిన్నగా గోడ సాకెట్టుకే పెట్టారా? పెట్టాం. ఎప్పుడైనా పడిందా? లేదు. దీని మీద బట్టలేమైనా ఆరేశారా?

రత్నరాజు పెదవులు తడుపుకున్నాడు. పగలు ఇంట్లో ఏం జరిగిందో అతను చూడలేదు. పక్కకి చూస్తే హెలెనా ఎదురుగా ఉన్న కెటిళ్ల వరస కేసి చూస్తోంది. జవాబు అందించే ఉద్దేశం ఆమెకి లేదు. అతనికి దొరికే రుజువేదీ లేదు, సంతకం లేదు, స్టాంపు లేదు. ఆమె వెయ్యలేదని చెప్పిన ఒక్క మాట ఉంది.

"నో. మై వైఫ్ నెవర్ డిడ్" అన్నాడు. అన్నాక చూస్తే, దాన్లో అతనికి అనుమానం లేదు.

కెర్రీ టిక్కు పెట్టి, లోపలినుంచి కొత్త హీటరు తెప్పించింది. రశీదు ఈసారి ఫోనుకి పంపుతాననీ, ఎవరి నంబరు ఇస్తారనీ అడిగింది.

"హిజ్" అంది హెలెనా వెంటనే. ఇప్పుడు కెటిళ్ల కేసి చూడటం లేదు. మొగుడి నోటికేసి చూస్తోంది.

రత్నరాజు ఒక్కొక్క అంకే చెప్పాడు. తొమ్మిది అంకెలు బాగానే వచ్చాయి. పదోది దగ్గరికొచ్చేసరికి ఏళ్ల తరబడి అలవాటైన 'వన్' నాలుక చివరికి వచ్చి కూర్చుంది. దాన్ని మింగాడు.

"సెవెన్" అన్నాడు.

కెర్రీ మీట నొక్కింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత అతని జేబులో ఫోను టింగుమంది.

హెలెనా ఆ చప్పుడు వింది. పాపని జాగ్రత్తగా అతని చేతుల్లో పెట్టి, కొత్త హీటరు పిడి తను పట్టుకుంది.

"ముందు ఆంటీ వాళ్లింటికి పోనివ్వండి" అంది. "గుడ్డలన్నీ తీగమీదే ఉన్నాయి. తీసుకుని ఇంటికెళ్దాం."