చాందా పోయి చంద్రపూర్ వచ్చిన ఏడు

ఏదో ఊరికి పేరు మారుస్తున్నారని ఈమధ్య టీవీలో చెబుతుంటే, పక్కన కూర్చున్న మనవరాలు, బోర్డులు మార్చుకుంటే సరిపోయె కదా తాతా అన్నది. సరిపోతుందమ్మా అని ఊరుకున్నాను గాని, ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మాది రాజురాలో బట్టల దుకాణం. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మనం ఇల్లు కదలకుండానే తెలుగు ఆదిలాబాద్ జిల్లా నుంచి మరాఠీవాళ్ల చాందా జిల్లాలోకి వచ్చిపడ్డాం. మరాఠీలో దరఖాస్తు రాయడం నేర్చుకునేలోపే ఆ చాందా కాస్తా చంద్రపూర్ అయింది. దుకాణదారులకు దానితో చిక్కేమీ రాలేదు, ఊరి పేరేదైనా చీర చీరే. చిక్కంతా మా అక్కకు వచ్చింది. పెళ్లయిన రెండేళ్లకే బావ పోతే పుట్టింటికి చేరి, ప్రతిదానికీ నాన్న ముందు చెయ్యి చాపలేక, సరిహద్దు పల్లెలోని తెలుగు బడికి పంతులమ్మ కావాలంటే దరఖాస్తు పెట్టుకున్నది. ఈ జిల్లా మనిషేనని తాలూకా కచేరీ నుంచి కాగితం తేవాలన్నారు, అదీ జిల్లా కొత్త పేరుతోనే ఉండాలట. కచేరీలో చూస్తే ఇంకా పాత ముద్రే.

అక్కడి గుమాస్తా మా ఎదురింటి కాకే. ముద్రలోని పాత పేరు కొట్టేసి, పక్కన చేత్తో కొత్తది రాసి, సాహెబు సంతకం పెట్టించి ఇస్తానన్నాడు. అట్లాంటివి పైన తీసుకుంటున్నారని కూడా చెప్పాడు. అక్క సరేనన్నది. నేనే ఒప్పుకోలేదు. కొట్టివేత ఉన్న కాగితం నా కంటికి మరకపడ్డ తానులాగా కనబడింది. రెండు రోజులు ఆగమని చెప్పి, చంద్రపూర్ బస్సెక్కి, బజారులో రబ్బరు ముద్రలు చేసేవాణ్ణి పట్టుకుని, మూడుసార్లు మెట్లు దిగి మూడుసార్లు వెనక్కి పిలిపించుకుని, అడిగినదాంట్లో సగానికే కొత్త పేరుతో కచేరీ ముద్ర చేయించుకొచ్చాను. ప్రభుత్వానికి సాయం చేస్తున్నాననే అనుకున్నానంటే నా తెలివి ఎంతటిదో చూడండి.

దాన్ని బల్ల మీద పెట్టగానే కాక ముఖం పాలిపోయింది.

"ఏందిరా ఇది! సర్కారు ముద్ర బజార్ల కొనుక్కొస్తవా? మీ దుకాణంల గజంబద్ద అనుకున్నవా?"

"పని జల్ది అయితదని తెచ్చిన కాకా..."

"అయితది, ఇద్దరం జైల్ల కూసుంటం. అసలు ముద్ర వచ్చేదాంక మీ అక్క కాగితం నేను ముట్ట. పో!"

చేత్తో రాసిచ్చినా చాలని ఎంత బతిమాలినా, కచేరీలో నలుగురూ ఆ ముద్రను చూశారు, ఇంక తన రాతను కూడా అనుమానిస్తారని కాక కదలలేదు. ఆయన తప్పు లేదు, పిల్లలు గలవాడు. అసలు ముద్ర, దరఖాస్తు గడువు దాటినాక వచ్చింది. బడికి అప్పటికే వేరే ఆమె వచ్చేసింది.

అక్క ఏడవలేదు, తిట్టలేదు. కుట్టుమిషను సూదిలోకి దారం ఎక్కిస్తూ ఒక్క మాట అడిగింది. "ముద్ర బేరం ఎంతకు తెగింది రా తమ్మీ?"



ఆ మిషను మీదే ఆమె బతుకంతా గడిచింది. ఆ తెలుగు బడి ఎప్పుడో మూతపడింది. మా ఇంట్లో ఈ తెలుగు రాత చదవగలిగేది ఇప్పుడు నేనొక్కణ్ణే. నిరుడు అక్క పోయినాక మరణ ధ్రువపత్రానికి వెళితే, కిటికీ అవతలి అమ్మాయి నిమిషంలో తీసి చేతికిచ్చింది. జిల్లా చంద్రపూర్ అని, ఎక్కడా కొట్టివేత లేకుండా, శుభ్రంగా ఉంది. ఇంకేం కావాలి ఆజోబా అని, తాతా అన్నట్టు, ఆ పిల్ల మరాఠీలో మర్యాదగానే అడిగింది. ఏ గల్లా ముందూ బేరమాడకుండా కదిలి ఎరగనివాణ్ణి, కాగితం మడిచి వెనకవాళ్లకు దారిచ్చాను.