కొంగు కింద పాస్‌వర్డ్

మొదట తాళంచెవుల గలగల సంఘం ఆఫీసు మెట్లెక్కింది, ఆ వెనకే జంగమ్మ వచ్చింది. ఇబ్రహీంపట్నం మత్స్యకారుల సంఘం డబ్బుపెట్టెకు ఎప్పటినుంచో రెండు తాళాలు, ఇద్దరి దగ్గర రెండు చెవులు. అందుకే వెబ్‌సైట్‌ను మార్చే అడ్మిన్ పేజీ పాస్‌వర్డ్‌నూ రెండు ముక్కలు చేశారు. మొదటి సగం అధ్యక్షుడు సిద్దయ్యది, రెండోది కోశాధికారి జంగమ్మది. సైట్ తయారుచేసిన క్రాంతికుమార్‌కు ఒక్క అక్షరమూ తెలియదు. ఇవాళే మొదటిసారి ఆ పేజీని తెరవాల్సి వచ్చింది. చెరువు మీద వాన నీలిపరదాలా దిగింది. రేపు చేపలు పట్టడం లేదని సైట్‌లో వెంటనే పెట్టకపోతే బాలాపూర్ వ్యాపారులు బండ్లు వేసుకుని ఊరికే వస్తారు. సిద్దయ్య తన సగం కొట్టి గోడవైపు తిరిగాడు. జంగమ్మ కీబోర్డు మీద కొంగు కప్పి, గంప కింద కోడిపిల్లను వెతికినట్టు ఒక్క వేలితో తడిమి తడిమి నొక్కింది. తప్పు. ఇంకోసారి. మళ్ళీ తప్పు.

"నాది కరెక్టే కొట్టిన," అన్నాడు సిద్దయ్య గోడతోనే.

"అక్కా, మూడోసారి తప్పితే రెండు దినాలు తెరుచుకోదు. జర నీ సగం నాకు చెప్పు," అన్నాడు క్రాంతికుమార్.

"పెట్టె చేసిన వడ్లాయనకు తాళంచెవి ఇస్తరా తమ్మీ?"

"పోనీ, ఆ కొంగు అన్నా తియ్యి. అక్షరాలు నీకే కనబడ్తలెవ్వు."

జంగమ్మ ఆలోచించింది. సిద్దయ్య చేత మళ్ళీ సగం కొట్టించి, ఇద్దరినీ వరండాలోకి పంపి తలుపేసుకుంది. కాసేపటికి తాళంచెవులు గలగలమన్నాయి, తలుపు తెరుచుకుంది. తెర మీద పేజీ కూడా.

"అవ్ తమ్మీ, నాక్కూడ కనబడకుంట దాచిన. భద్రమంటే గట్లుండాలె."