అప్పలనరసమ్మ తెచ్చిన ఏడు గొట్టాలు

1956. మెర్దెకా, అంటే మలయా స్వాతంత్ర్యం, ఇంకా ఏడాది దూరంలో ఉంది. కమ్యూనిస్టుల తిరుగుబాటు మీద తెల్లవాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ మాత్రం మా గేటు దగ్గరే కాపురం పెట్టింది. సుంగై సుమున్ దగ్గర ఒక రబ్బరు ఎస్టేట్‌లో నేను డ్రెస్సర్‌ని. అంటే డాక్టరు వారానికి ఒక్కరోజు వచ్చే చోట మిగిలిన ఆరు రోజులూ ఆయన పని చేసేవాడిని. బడి ముఖం మూడేళ్లే చూశాను. డిస్పెన్సరీలో నేల తుడిచే పనితో మొదలుపెట్టి, సీసాల మీద పేర్లు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకుని, పరీక్ష రాసి తెల్లకోటు తొడుక్కున్నాను. ఆ గర్వం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఈమధ్య మన తెలుగువాళ్ల సభలో బాగా చదువుకున్న ఒక పెద్దమనిషి మైకు పుచ్చుకుని, "ఎస్టేట్ల కాలంలో మన ఆడవాళ్లకు ఏం తెలుసండీ, ఏడాదికొకర్ని కనడం తప్ప" అన్నాడు. సభంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆనాడు ఏమీ తెలియనివాళ్లు ఎవరో నేను చెబుతాను. వాళ్లలో మొదటివాణ్ణి నేనే.

అప్పలనరసమ్మ రబ్బరు చెట్లు గీసే మనిషి. అప్పటికి ఇరవయ్యారేళ్లు, నలుగురు పిల్లలు. నాలుగో కాన్పులో పోస్ట్‌పార్టమ్ హెమరేజ్ వచ్చింది. బిడ్డ పుట్టాక రక్తం ఆగకపోవడాన్ని మేం అలా అంటాం. లారీలో పట్నం ఆస్పత్రికి చేర్చేసరికి ఆమె పెదాలు సున్నం పూసినట్టు తెల్లబడిపోయాయి. ఎలాగో బతికి వచ్చింది. నేను ఆమె మొగుడు సూరన్నని పిలిచి, "ఇంకో కాన్పు వస్తే మనిషి దక్కదు, జాగ్రత్త" అన్నాను. అతను తలూపాడు. ఎలా జాగ్రత్తపడాలో అతను అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పడానికి నాకు తెలిస్తే కదా! నా దగ్గరున్న లావుపాటి వైద్య పుస్తకంలో కాన్పు గురించి బోలెడు పేజీలున్నాయి. కడుపు రాకుండా చూసుకోవడం గురించి ఒక్క ముక్క లేదు.

ఆ రోజుల్లో ఎస్టేట్ చుట్టూ ముళ్లకంచె. అడవిలో ఉన్న తిరుగుబాటుదార్లకు బియ్యం గింజ, మందు బిళ్ల చేరకూడదని గేటు దగ్గర అందర్నీ సోదా చేసేవారు. చీటీ లేకుండా మందులు తెచ్చినవాళ్లను తీసుకుపోతే ఎప్పుడు వదులుతారో అడిగే దిక్కుండేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కావలివాడు పరుగెత్తుకొచ్చి నన్ను గేటుకి రమ్మన్నాడు. పట్నం నుంచి వచ్చినవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. బల్ల మీద అప్పలనరసమ్మ బుట్ట బోర్లించి ఉంది. ఎండుచేపల పొట్లం కింద నుంచి తీసిన ఏడు గాజు గొట్టాల నిండా తెల్లటి మాత్రలు. ఆడవాళ్లను సోదా చేసే మలయ్ పెద్దావిడ మక్ చిక్ తీమా పక్కన నిలబడి ఉంది. కొత్తగా వచ్చిన తెల్ల పోలీసు ఆఫీసరుకి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. మేనేజరు ఊళ్లో లేడు. మాటలు అటూ ఇటూ మార్చడానికి నేనొక్కణ్ణే.

"ఇవి ఏం మాత్రలు?" అన్నాడు ఆఫీసరు.

తెలియదని చెబితే నా తెల్లకోటు ఏమైపోవాలి? తడివేలితో ఒక మాత్ర ముట్టుకున్నాను. బుస్సుమని నురగ వచ్చింది. "కడుపులో గాలికి సార్! నీళ్లలో వేసుకుని తాగాలి" అన్నాను ఠక్కున.

"అడవిలో వాళ్లకీ కడుపులున్నాయి. ఏడు గొట్టాలు ఒక్క మనిషి కడుపుకేనా?" అని, జీపు ఎక్కించమని సైగ చేశాడు.

నా నోటితో నేనే ఆమెను పట్టించేశాను. ఇంట్లో ఎనిమిది నెలల చంటిబిడ్డ. "ఏటమ్మా ఇది? ఎవలికి తెచ్చినావు?" అన్నాను.

"దొరకి నువ్వేటి సెప్పినావు బాబూ?"

"కడుపులో గాలికి తాగే మందని."

"ఓలమ్మో! తాగితే నురగ కక్కుకుంటారు. ఇది నోట్లోకి కాదు."

"మరి?"

ఆమె వరస కేసి చూసింది. అక్కడ సూరన్న అన్న అప్పన్న ఉన్నాడు, అప్పన్న పెళ్లాం ఉంది, సగం ఎస్టేటు ఉంది. పైట సర్దుకుని, గొంతు ఏమాత్రం తగ్గించకుండా చెప్పింది.

"పిల్లలు రాకుండా. మొగుడు పక్కలోకి రాకముందు నీళ్లసుక్కతో తడిపి లోపల ఎట్టుకోవాలి. కరిగీదాకా ఆగాలి. నురగ అడ్డుకట్ట ఏసినట్టు నిలబడతాది. ఎంటనే కడుక్కోకూడదు. పట్నంలో పసిపిల్లల్ని తూకమేసే కాడ లేడీ డాక్టరమ్మ గలాసులో ఏసి సూపించినాది. పెతీసారీ ఆగుతాదని నమ్మకం లేదని కూడా సెప్పినాది. సెప్పు, దొరకి ఇంగిలీసులో సెప్పు."

దాన్ని ఫోమింగ్ టాబ్లెట్ అంటారని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు ఆ మాటా తెలియదు, ఆ సంగతీ తెలియదు. చెవులు కాలిపోతుంటే ముక్కలు ముక్కలుగా చెప్పాను.

"ఏటి బాబూ, తడబడతన్నావు? పురుడు పోసినప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చినాదా?" అంది. వరసలో ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

అప్పన్న మీదికొచ్చాడు. "ఇంటి పరువు గేటు కాడ పారబోసినావు గదే!"

"బావా, నాను సచ్చిపోతే నీ తమ్ముడికి ఇంకో పెళ్లి సేత్తావు. నా పిల్లలకి ఇంకో అమ్మని ఎక్కడినుంచి తెత్తావు?"

అప్పన్న వరసలోకి వెనక్కి జరిగాడు. ఆఫీసరు ముఖం ఎర్రబడింది గానీ పట్టు వదల్లేదు. "సరే, ఏడు ఎందుకో అడుగు."

అడిగాను. ఆమె ఈసారి వరస కేసి చూడలేదు.

"నాకు ఇరవయ్యారేళ్లు. ముట్లు ఆగడానికి ఇంకెంత కాలముందో దొరకి నువ్వే సెప్పు. నెలనెలా ఈ గేటు కాడ నిలబడి ఈ కథంతా సెప్పమంటాడా? నాకు బాధ లేదు. ఆయన మొకం సూడు, పాపం."

ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. మక్ చిక్ తీమా ఒక గ్లాసు నీళ్లు తెచ్చి మాత్ర వేసింది. నురగ పొంగింది. "మా కంపోంగ్‌లో, మా పల్లెలో, ఆడవాళ్లకీ తెలుసు, తుఆన్ దొరా. బాంబు కాదు" అంది తన భాషలో. అదీ నేనే చెప్పాను. ఆఫీసరు గొట్టాలను రెండు వేళ్లతో నా వైపు తోసి, వీటిని డిస్పెన్సరీలో ఉంచి నీ చేతి మీదుగా ఇవ్వు అని చెప్పి, జీపెక్కి వెళ్లిపోయాడు. ఒంటరిగా.

మర్నాడు పని దిగాక అప్పలనరసమ్మ డిస్పెన్సరీకి వచ్చింది. "ఏడూ నీకేనా?" అన్నాను.

"ఒకటి నాది. మిగతా ఆరూ ఎవలివో వాలే వత్తారు. పేర్లు రాసినావంటే మళ్లీ నీ గుమ్మం ఎక్కం."

వచ్చారు. ఒకామె దగ్గని, ఒకామె వేలు తెగిందని. ఒక అత్తగారు కోడలి కోసం తానే వచ్చి, కొడుక్కి చెప్పొద్దంది. చిట్టచివర వచ్చింది, గేటు దగ్గర పరువు గురించి అరిచాడే, ఆ అప్పన్న పెళ్లాం. ఆ ఆరుగురూ ఆదివారం వరసలోనే ఉన్నారు. ఒక్క పేరు చెబితే అప్పలనరసమ్మ మీద అనుమానం సగం తగ్గేది. చెప్పలేదు. అక్షరం ముక్క రాని మనిషి ఒక ఆఫీసరుకీ, ఒక డ్రెస్సరుకీ పాఠం చెప్పి, ఆరు కాపురాల గుట్టు కాపాడి, తన కాళ్ల మీద ఇంటికి నడిచి వెళ్లింది. ఏమీ తెలియని ఆడవాళ్లట!

మెర్దెకా వచ్చాక ఆమె పట్నం ఆస్పత్రిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంది. ఐదో కాన్పు రాలేదు. మనవలను ఎత్తుకునే వయసు దాకా బతికింది.

ఆ గొట్టాలు పంచుతున్న రోజుల్లోనే ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "నాకు ముందే ఒక్క మాట సెప్పకపోయినావా? చీటీ రాసిచ్చేవాణ్ణి గదా."

ఆమె గొట్టం కొంగున ముడేసుకుంటూ అంది. "నాను సచ్చిపోతానన్న మాట నువ్వు నాకు సెప్పినావా? నా మొగుడికి సెప్పినావు. ఆడు మూడు నెలలు లోపలే దాసుకుని, ఒకనాడు కల్లు తాగి ఏడుస్తా సెప్పినాడు. ఆ మూడు నెలల్లో నాకు కడుపొచ్చుంటేనో?"



ఆ వారంలోనే రెండో కాన్పు కష్టమైన ఒక మనిషిని ఆమె మొగుడు తీసుకొచ్చాడు. అలవాటు ప్రకారం అతను నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు, ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

"నువ్వు లెగు. ఆయమ్మని కూకోనీ" అన్నాను.

"ఏటండీ డ్రెస్సర్‌గారూ, నాతో సెప్పండి, నాను దానికి సెప్తాను."

"నువ్వు సెప్పొద్దు. బయట నిలబడు" అని తలుపు వేశాను.